నా పేరు మీద ఆయన షుగర్

తాండూరులో మా గల్లీలో ఎవరినడిగినా నాకు షుగర్ ఉందని చెబుతారు. పదహారేళ్ళ నుంచి ఉందని కూడా చెబుతారు. నాకు షుగర్ లేదు. ఏనాడూ లేదు. ఉన్నది మా ఆయనకు.

ఇదెలా మొదలైందో చెబితే నవ్వుతారేమో. మా ఆయన డ్రైవరు. కరణ్‌కోట వైపు పనికి పోయే కూలీలను పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చి దింపుతాడు. బస్సు కాంట్రాక్టరుది. ఒక ఎండాకాలం మనిషి ఉన్నట్టుండి చిక్కిపోయాడు. చెంబుల కొద్దీ నీళ్ళు తాగేవాడు. తాండూరులో చూపించుకుంటే పదిమందికీ తెలుస్తుందని, నన్ను తోడు పెట్టుకొని వికారాబాద్ పోయాడు. అక్కడి డాక్టరు షుగర్ అని తేల్చి గోలీలు రాసిచ్చాడు. ఆ మాట వినగానే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అంతకు కొద్ది రోజుల ముందే ఇంకో డ్రైవరు షుగర్ పడిపోయి బస్సు దగ్గరే కూలబడితే, కాంట్రాక్టరు అతన్ని మళ్ళీ పనికి రానివ్వలేదు. మా ఆయన కళ్ళారా చూసిన సంగతి అది.

తెచ్చుకున్న గోలీలు నెలకు అయిపోయాయి. నెలనెలా వికారాబాద్ పోవడం అయ్యే పని కాదు. మా వీధి చివర మందుల దుకాణానికే పోయాము. దుకాణమతను తెలిసినవాడు. "గీ గోలీలు ఎవరికి, అన్నా?" అన్నాడు. "మా ఇంటామెకు" అన్నాడు మా ఆయన, తడుముకోకుండా. నేను వెనకాలే కూరగాయల సంచి పట్టుకొని నిలబడి ఉన్నాను. దుకాణమతను నా వైపు జాలిగా చూసి, "వదినా, ఇగ తీపి బంద్ జెయ్యాలె మరి" అన్నాడు. నేను తల ఊపాను. కాదనడానికి అంతకన్నా మంచి సమయం మళ్ళీ దొరకలేదు.

బయటికొచ్చాక నిలదీశాను. "ఒక్క నెలకే గదనే. తగ్గినంక ఎవరడుగుతరు?" అన్నాడు. షుగర్ తగ్గి పోయేది కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మా వైపు ఎవరింటికి పోయినా ముందు ఛాయి పెడతారు. నాకు చక్కెర లేని ఛాయి, ఆయనకు చక్కెర వేసిన ఛాయి వచ్చేది. ఇంటామె లోపలికి తిరగగానే కప్పులు మార్చుకునేవాళ్ళం. మొదట్లో అది నాకు ఆటలాగే ఉండేది. కొత్త పెళ్ళివాళ్ళలా ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వుకునేవాళ్ళం కూడా. పెళ్ళిళ్ళలో మాత్రం ఆట సాగేది కాదు. వడ్డించేవాళ్ళు నా దగ్గరికి రాగానే పక్కనున్న ఆడవాళ్ళే చెయ్యి అడ్డం పెట్టేవారు, "ఆమెకొద్దు, షుగరున్నది" అని. బూందీ లడ్డు అంటే నాకు ప్రాణం. అది నా ముందు నుంచి పక్క ఆకులోకి పోతుంటే ఏడుపొచ్చేది.

అన్నిటికన్నా ఒళ్ళు మండే సంగతి ఇంకొకటి ఉంది. ఆయన అన్నం తగ్గించి జొన్నరొట్టె తినడం మొదలుపెట్టాడు. ఎవరైనా అడిగితే, "ఆమె ముంగట నేనెట్ల తింట అన్నం? ఆమె కోసమే నేనూ బంద్ జేసిన" అనేవాడు. పెళ్ళాం కోసం అన్నం మానుకున్న మొగుడని ఆయనకు పేరొచ్చింది. మా ఆడబిడ్డ అయితే వచ్చినప్పుడల్లా, "నా తమ్ముడు నీ కోసం ఎంత చేస్తుండో చూడు" అని నాకు చెప్పి, కాకరకాయలు ఇచ్చి పోయేది. ఆ కాకరకాయలు ఆయనకే వండిపెట్టేదాన్ని, కోపమొచ్చిన రోజు కాస్త ఎక్కువ చేదుగా.

ఆశా వర్కర్ తన పుస్తకంలో నన్ను షుగర్ వాళ్ళ వరుసలో రాసుకుంది. ఒకసారి వేలికి సూది గుచ్చి చూసి, "మస్తు కంట్రోల్‌ల ఉన్నది అక్కా, గోలీలు మంచిగ పనిచేస్తున్నయ్" అంది. ఔనన్నాను. ఇంకేమనాలి?

రెండేళ్ళ కింద ఆయనకు ఇంకో బాధ వచ్చింది. మూత్రం సాఫీగా రాదు, వచ్చినట్టే వచ్చి ఆగిపోతుంది. మళ్ళీ వికారాబాద్, మళ్ళీ డాక్టరు, మళ్ళీ గోలీ. ఈ చీటీ మీద పేరు, వయసు ఉన్న పైభాగాన్ని చింపేసి, మిగతా ముక్క నా చేతిలో పెట్టాడు. "ఇది గూడ నీదే అనుకో" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నా ముఖం చూడలేదు. సిగ్గుపడుతున్నాడని అర్థమై నేనూ గొడవ చేయలేదు. దుకాణమతను చీటీ చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అడగకుండా గోలీలిచ్చాడు.

కళ్ళ సంగతి ఆ తర్వాతిది. పోయినేడాది నుంచి ఇద్దరికీ చూపు మసకబారింది. నేను ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడతాను. సూదిలోకి దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళను పిలవాల్సి వచ్చేది. ఆయన కళ్ళకు ఎదురుగా వచ్చే బండ్ల లైట్ల వెలుతురు పడేది కాదు. ఒకరోజు బస్సు నాపరాళ్ళ లారీని రాసుకుంటూ పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాంట్రాక్టరు దగ్గర పని చేసే సూపర్‌వైజర్ మా ఇంటికే వచ్చాడు. మా ఆయనకన్నా చిన్నవాడు, అన్నా అని పిలుస్తాడు. "అన్నా, కండ్లు బాగు చేయించుకొని డాక్టర్ కాయితం పట్కరా. గప్పటిదాంక స్టీరింగ్ ముట్టకు" అన్నాడు.

ఆ నెలలోనే తాండూరులో ఉచిత కంటి శిబిరం పెట్టారు. ఇద్దరికీ శుక్లాలన్నారు. ఆయనకు ఎడమ కన్ను, నాకు కుడి కన్ను ముందు చేస్తామన్నారు. వాడుతున్న గోలీలన్నీ వెంట తెచ్చుకోవాలని, ఒక రాత్రి అక్కడే ఉండాలని చెప్పారు. కూలీల్లో ఇంకో ఆరుగురికి కూడా శుక్లాలున్నాయి. అందరినీ కాంట్రాక్టరు బస్సులోనే వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపోవడానికి సూపర్‌వైజర్ తయారయ్యాడు. వేరే డ్రైవరు నడిపాడు. మా ఆయన తన బస్సులో తానే వెనక సీట్లో కూర్చొని, ప్రతి మలుపులోనూ కాలితో లేని బ్రేకు తొక్కుతూ వచ్చాడు.

దారిలో నా చెవి దగ్గరికి వంగి, "ఎవరడిగినా గోలీలన్ని నీవే అని చెప్పు. మూడేండ్లాగితె నేనే ఇడిసిపెడ్త నౌకరి" అన్నాడు. నేను సరే అనలేదు, కాదనలేదు. గోలీల సంచి నా ఒళ్ళోనే ఉంది.

ఆసుపత్రి హాలులో బల్ల వేసుకొని ఒక సిస్టర్ కూర్చుంది. చిన్న పిల్లే, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతోంది. షుగరుందా, బీపీ ఉందా, గుండెనొప్పి వచ్చిందా, ఆయాసముందా, ఏమన్న గోలీలు వాడుతున్నవా, ఏదన్న మందు పడదా, కంటికి ఎప్పుడన్న దెబ్బ తగిలిందా? వరుసలో ఉన్నవాళ్ళందరికీ అందరి రోగాలూ వినబడుతున్నాయి. మాకన్నా ముందు పూడూరు వైపు నుంచి వచ్చిన ముసలామె ఉంది. గొర్రెలు కాసుకునే ఆమె. షుగరుందా అని అడిగితే ఆమె పొట్టేలు కుమ్మిన సంగతి, పాము కరిచిన సంగతి, ఆరు కాన్పుల సంగతి అన్నీ చెప్పింది. సిస్టర్ ఆపుదామని చూస్తే, "నువ్వే అడిగితివి గద బిడ్డా" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆమె మీద అసూయ కలిగింది. ఒంట్లో ఉన్నదంతా ఉన్నట్టు చెప్పి, చేతులు దులుపుకొని పోయి కూర్చుంది.

తర్వాత మా ఆయన. "నాకేం లేదు సిస్టర్. గుండురాయి లెక్కున్న" అన్నాడు, సూపర్‌వైజర్‌కు వినబడేలా. వేలికి సూది గుచ్చారు. నూట అరవై ఎనిమిది వచ్చింది. సిస్టర్ తలెత్తి, "తిన్నవా కాకా?" అంది. "ఇప్పుడే రెండు అరటిపండ్లు తిన్న." పొద్దుటి నుంచి ఆయన తిన్నది సగం రొట్టె. సిస్టర్ సరేనని రాసుకుంది.

నా వంతు వచ్చింది. "షుగరుందామ్మా?" నేను నోరు తెరిచానో లేదో, వెనక నుంచి మా గల్లీ ఆమె అందుకుంది. ఆమె మొగుడికీ ఆరోజే ఆపరేషన్. "ఉన్నది సిస్టర్! పదారేండ్ల సంది ఉన్నది పాపం, రాస్కోండ్రి." సిస్టర్ రాసేసుకుంది. వేలికి సూది గుచ్చితే తొంభై ఆరు వచ్చింది. సిస్టర్ ముఖం వెలిగిపోయింది. లేచి నిలబడి హాల్లో ఉన్నవాళ్ళందరికీ నన్ను చూపించింది. "చూడుండ్రి, షుగర్ ఉంటే గిట్ల ఉంచుకోవాలె. పదారేండ్ల షుగర్, తొంభై ఆరున్నది! ఏం తింటవో జర అందరికి చెప్పమ్మా."

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "జొన్నరొట్టె" అన్నాను. మగవాళ్ళ బెంచీ మీద మా ఆయన గోడకున్న కంటి పటాన్ని చదువుతున్నట్టు నటిస్తున్నాడు.

సిస్టర్ నా సంచిలోని గోలీలు బల్ల మీద పోసి ఒక్కొక్కటే చూసి రాసుకుంటోంది. షుగర్ గోలీలు రాసింది. మూత్రం గోలీల పట్టీ చేతిలోకి తీసుకొని ఆగింది. వెనక్కి తిప్పి చదివింది. ఈసారి గొంతు తగ్గించింది. "అమ్మా, ఇది నీకెవరు రాసిన్రు? ఇది ఎక్కువ మగోళ్ళకిస్తరు, మూత్రం ఆగిపోతుంటే. ఆడోళ్ళకు రాళ్ళుంటే ఎప్పుడన్న ఇస్తరు. నీకు కిడ్నీల రాళ్ళున్నయా?"

తలుపు తెరిచి పట్టుకున్నట్టు ఆ ప్రశ్న నా ముందు నిలబడింది. ఒక్క మాటతో బయటపడవచ్చు. మా ఆయన వైపు చూశాను. ఆయన తల అటూ ఇటూ కదలడం లేదు, కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి.

"ఉన్నయి" అన్నాను.

అలా నాకు రెండో రోగం వచ్చింది.

"మంచిగ చెప్పినవమ్మా" అంది సిస్టర్, మళ్ళీ హాలంతా వినబడే గొంతుతో. "ఈ గోలి ఏస్కునేటోళ్ళకు కంట్ల నల్లపాప సరిగ విచ్చుకోదు. ఆపరేషన్‌ల పాప చుట్టున్న పొర మెత్తగయ్యి ఊగుతది, జారుతది. ముందుగాల తెలిస్తే డాక్టరమ్మ దానికి వేరే మందు, వేరే సామాను తయారు పెట్టుకుంటది. తెల్వక కోస్తే కంటికే ముప్పు." అని, ఎర్ర పెన్ను తీసి నా కాగితం మీద పెద్దగా గుండ్రంగా గీసింది. నన్ను అందరికన్నా చివరకు మార్చింది. మా ఆయన కాగితం మీద ఏ గీతా లేదు. ఆయనది నాలుగో నంబరు.

ఆయన కంటికి కావలసిన జాగ్రత్తంతా నా కంటికి రాసి పెట్టారు.

లోపల చెప్పులు విప్పించారు. గాజులు, గొలుసు తీయించి మూట కట్టించారు. ఆకుపచ్చ గౌను తొడిగారు. ఏ కన్నో తెలియడానికి నా కుడి కనుబొమ్మ మీద, ఆయన ఎడమ కనుబొమ్మ మీద తెల్లపట్టీలు అంటించారు. ఆడవాళ్ళది ఒక బెంచీ, మగవాళ్ళది ఒక బెంచీ. మధ్యలో నడిచే దారి. దారి చివర ఆపరేషన్ గది ఆకుపచ్చ తలుపు. బయటికి పోయే తలుపు దగ్గర సూపర్‌వైజర్ కుర్చీ వేసుకొని కూర్చున్నాడు, తన మనుషులకు తోడుగా. ఎటు చూసినా దారి మూసి ఉన్నట్టే నాకనిపించింది.

ఇంకో సిస్టర్ వచ్చి అందరి కళ్ళలో చుక్కలు వేసింది. కాసేపటికి టార్చి వేసి చూసుకుంటూ పోయింది. మా ఆయన దగ్గర ఆగింది. "విచ్చుకుంటలేదు కాకా" అని మళ్ళీ వేసింది. పక్కవాళ్ళిద్దరినీ లోపలికి తీసుకుపోయారు. మళ్ళీ వచ్చి చూసింది, మళ్ళీ వేసింది. మూడోసారి వేసినప్పుడు నేను ఉండబట్టలేక లేచి ఆయన పక్కకు పోయి కూర్చున్నాను.

"ఇన్నవ్ గద సిస్టర్ చెప్పింది. ఆ గోలీ సంగతి చెప్దాం" అన్నాను మెల్లగా.

"నోర్మూస్కొని కూసో. ఆడ కూసున్నడు చూడు" అన్నాడు, సూపర్‌వైజర్ వైపు గడ్డంతో చూపిస్తూ.

"కన్ను పోతే నౌకరి ఉంటదా?"

"ఏం పోదు. వాళ్ళు రోజుకు ఎన్ని చేస్తలేరు? నువ్వు నన్ను పరేషాన్ జెయ్యకు." తర్వాత గొంతు తగ్గించి, "పదారేండ్లు ఆగినవ్. ఇంకొక్క గంట ఆగలేవా?" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. తిరిగి వచ్చి నా చోట కూర్చున్నాను. ఆయన మీద కోపం వచ్చింది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు చూడండి, అదే నా పరిస్థితి. చెబితే ఆయన పని పోతుంది. ఆ పనే మా ఇంటి అన్నం, నేను కుట్టే జాకెట్లతో ఇల్లు గడవదు. పదిమందిలో మొగుడి పరువు తీసిన ఆడదాన్నవుతాను. పైగా నేను మాత్రం సత్యవంతురాలినా? పదహారేళ్ళు తల ఊపింది నేనే. సిస్టర్ రాళ్ళున్నాయా అంటే ఉన్నాయన్నది నేనే. చెప్పకపోతే, అదిగో ఆ తలుపు వెనక డాక్టరమ్మ ఏమీ తెలియకుండా ఆయన కన్ను కోస్తుంది. ఏదైనా అయితే ఆ తప్పు ఆమెది కాదు. ఎవరిదో నాకు తెలుసు.

ఆయన మంచివాడు కాదని నేను అనను. నా మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. సంపాదించింది ఇంట్లోనే పెట్టాడు. భయం ఒక్కటే ఆయన రోగం, దాన్ని కూడా నా పేరు మీదే రాయించాడు.

"నాలుగో నంబర్!"

ఆయన లేచాడు. గౌను వెనక తాళ్ళు ఊడిపోతే ఒక చేత్తో పట్టుకొని నడుస్తున్నాడు. ఆ నడక చూసి నాకు జాలేసింది. చుక్కలతో నా కళ్ళు రెండూ మసకగా ఉన్నాయి. ఆకుపచ్చ తలుపు, ఆకుపచ్చ గౌను కలిసిపోయి కనబడుతున్నాయి. ఆయన ఆ ఆకుపచ్చలో కలిసిపోబోతుంటే నేను లేచి అరిచాను.

"సిస్టర్, ఆపుండ్రి! ఆ గోలి నాది కాదు. ఆయనది. షుగర్ గూడ ఆయనదే. నాకు రాళ్ళు లేవు, షుగర్ లేదు, నాకేం లేదు!"

ఆ పిల్ల సిస్టర్ కాగితాలు పట్టుకొని పరుగెత్తుకొచ్చింది. మా ఆయన తలుపు దగ్గరే నిలబడి నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "భయానికి ఆమెకు ఏం మాట్లాడుతున్నదో సమజైతలేదు సిస్టర్. మీరు పనిజూస్కోండ్రి" అన్నాడు.

అందరి ముందు నన్ను మతిలేనిదాన్ని చేశాడు. నేను ఊహించని దెబ్బ అది. అయినా కూర్చోలేదు. "నా రక్తం మళ్ల జూడుండ్రి. రోజూ జూడుండ్రి. నేను ఒక్క గోలి మింగిన్నా అడుగుండ్రి ఆయనను" అన్నాను.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. ముఖానికి గుడ్డ, చేతులు ఎత్తి పట్టుకొని ఉంది. సిస్టర్ చెప్పింది విన్నది. మా ఆయనతో నెమ్మదిగా మాట్లాడింది. "మీ పాప మూడుసార్లు చుక్కలు వేసినా విచ్చుకోలేదట. ఆ గోలీ వేసుకుంటున్నారా? మీ కంటి కోసం అడుగుతున్నాను. ఎవరికో చెప్పడానికి కాదు." ఆయన సూపర్‌వైజర్ వైపు చూసి తల దించుకున్నాడు. డాక్టరమ్మ కూడా అటు చూసింది. ఇంకేమీ అడగకుండా ఆయనను లోపలికి తీసుకుపోయి తలుపు వేయించింది.

ఎంతసేపో తెలియదు. మా గల్లీ ఆమె నా పక్కన కూర్చొని నన్ను వింతగా చూస్తోంది. చివరకు సిస్టర్ బయటికొచ్చి, నా కాగితం మీద షుగర్, రాళ్ళు అన్నీ కొట్టేసింది. "నీకేం లేదా అమ్మా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. లేదన్నాను. "ఆయనకు చివర్ల చేస్తరు. కావలసినవన్ని డాక్టరమ్మ తయారు చేయిస్తున్నది. నువ్వు రా" అని నన్ను ముందు తీసుకుపోయింది. బల్ల మీద పడుకున్నాక కూడా నేను ఆయన కన్ను గురించే ఆలోచించాను. నా కన్ను ఎప్పుడు కోశారో నాకు తెలియదు.

సాయంత్రానికి ఆయనకూ అయిపోయింది. కాస్త ఎక్కువ సేపు పట్టిందని, అంతా బాగానే ఉందని సిస్టర్ వచ్చి చెప్పింది. చెయ్యెత్తి దండం పెట్టాను. ఆయన మాత్రం నన్ను పిలవలేదు. మగవాళ్ళ వార్డులో గోడ వైపు తిరిగి పడుకున్నాడని మా గల్లీ ఆమె చూసొచ్చి చెప్పింది.

పొద్దున అందరికీ పట్టీలు విప్పారు. అదే హాలులో, అదే బల్ల దగ్గర, ఇంటికి పోయే కాగితాలు రాస్తున్నారు. సూపర్‌వైజర్ పక్కనే నిలబడి తన మనుషుల కాగితాలు అందుకుంటున్నాడు. మా ఆయన వంతు రాగానే సిస్టర్, "కాకా, నువ్వు వాడే గోలీలు నీ నోటితోని చెప్పు, రాసిస్త" అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. షుగర్ గోలీ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అన్నాడు. మూత్రం గోలీ తిన్నాక ఒకటి అన్నాడు. షుగర్ ఎన్నేళ్ళ నుంచి అంటే పదహారేళ్ళన్నాడు. మెల్లగా ఏమీ చెప్పలేదు, అందరికీ వినబడేలాగే చెప్పాడు. సిస్టర్ నన్ను చూపించి, "మరి ఈమెకు?" అంది.

"ఆమెకేం లేదు. ఏనాడూ లేకుండె. ఆమె పేరు మీద నేనే మింగిన" అన్నాడు.

ఆ మాట వింటే మనసు తేలికవుతుందని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. తేలిక కాలేదు. కోపం వచ్చింది. ఇంత చిన్న మాట చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా అని ఆయన భుజాలు పట్టుకొని ఊపేయాలనిపించింది. ఆయన కన్ను గుర్తొచ్చి ఊరుకున్నాను.

బస్సెక్కాము. నేను కిటికీ పక్కన, ఆయన నా పక్కన. ఊరు దాటాక ఆయన ముందు సీటు పట్టుకొని లేచి నిలబడ్డాడు. సూపర్‌వైజర్ ముందు పనివాడు నిలబడినట్టే ఒదిగి ఉన్నాడు. "తమ్మీ, మరి నా పని సంగతేంది?" అన్నాడు.

సూపర్‌వైజర్ వెనక్కి తిరిగాడు. "డాక్టర్ కాయితమిస్తే నడుపు, ఇయ్యకుంటే లేదు. గంతే గదన్న. నువ్వు ఇయ్యాల నాకు కొత్త సంగతేం చెప్పినవ్?" అని నవ్వాడు. "ఇంటామెకు షుగరైతే, దారి పొంటి బస్సు నువ్వెందుకు ఆపుతుంటివే?"

బస్సంతా గొల్లుమంది. వెనక సీట్లోంచి ఒకాయన, "గా మలుపుకాడి తుమ్మచెట్టును మన అన్ననే గద నీళ్ళు పోసి పెంచింది!" అన్నాడు. ఇంకా నవ్వారు. మా గల్లీ ఆమె మొగుడు కూడా నవ్వుతున్నాడు. మా ఆయన మొదట బిత్తరపోయాడు. తర్వాత ఆయనకూ నవ్వొచ్చింది. భుజాల మీది బరువు దిగినట్టు, కళ్ళకు నల్లద్దాలతో, సీటు పట్టుకొని పగలబడి నవ్వాడు.

నేను లేచి నిలబడ్డాను. కొత్త కంటికి అందరి ముఖాలూ కడిగినట్టు కనబడుతున్నాయి.

"మీకందరికి ఎరుకేనా?" అన్నాను.

"ఎరుకే వదినా" అన్నాడు సూపర్‌వైజర్, నవ్వు ఇంకా ఆగక. "ఎన్నేండ్ల సందో ఎరుక. అన్న ఫీలవుతడని ఎవలం అనలె."

"మరి మీకెరుకని నాకొక్కదానికి ఎందుకు చెప్పలె? ఇన్నేండ్లు లడ్డు ముట్టకుంటి గద."

సూపర్‌వైజర్ నవ్వు ఆపి ముందుకు తిరిగాడు. మా ఆయన తల దించుకొని కూర్చున్నాడు. నేను మాత్రం తాండూరు వచ్చేదాకా నిలబడే ఉన్నాను.